రెక్క చివర లైటు ఊగుతోందా? చిన్న విమానం బయటి లైటును సరిగ్గా బిగించే పద్ధతి

సెలవు మీద విజయనగరం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక కుర్రాడు ఫోన్ చేస్తాడు. ఒకడు ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) కోర్సు రెండో ఏడు, ఇంకొకడు ఫ్లయింగ్ స్కూల్లో గంటలు పోగేసుకుంటున్నవాడు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు పని మొదలైన దగ్గర్నుంచి ఈ ఫోన్లు ఇంకా పెరిగాయి. మొన్న శ్రీకాకుళం కుర్రాడు అడిగింది ఇదీ:

"మావయ్యా, రెక్క లైటు ఊగతంది. రెండు తిప్పులు తిప్పీమంటావా?"

"తిప్పీకు. ఊగతన్నది లైటా, దాని మీద అద్దమా, రెక్క చివర తొడుగా? అది చూసి సెప్పు."

అవతల చప్పుడు లేదు. వాడు చూడలేదు. చాలామంది చూడరు. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే స్క్రూ ఒక్కటే కనిపిస్తుంది. బిగించడం రెండు నిమిషాల పని. ఎందుకు వదులైందో పట్టుకోవడానికే గంట పడుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ గంట గురించే.

ఉదాహరణకి సెస్నా 172 లాంటి ఒక ఇంజిను శిక్షణ విమానాన్ని, దాని రెక్క చివరి నావిగేషన్ లైటును తీసుకుంటున్నాను. తోక లైటు, బీకన్ (తోక పైనుండే ఎర్ర లైటు), ల్యాండింగ్ లైటుకి తేడా ఉన్న చోట్లు చివర్లో చెప్తాను. మీ విమానం మాన్యువల్‌లో వేరేగా ఉంటే మాన్యువలే కరెక్టు, నేను కాదు.

## 1. ముందు: ఇది ముట్టుకునే హక్కు మీకుందా?

యూట్యూబ్‌లో అమెరికా పైలట్ ఒకాయన తన విమానం లైటు బల్బు తనే మార్చుకుంటాడు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పార్ట్ 43 నిబంధనల్లో పొజిషన్ లైటు, ల్యాండింగ్ లైటు బల్బులూ లెన్సులూ మార్చడం పైలట్ చేసుకోదగ్గ చిన్న పనుల జాబితాలో ఉంది. ఆ వీడియో చూసి మనవాళ్లు ఇక్కడ స్క్రూడ్రైవర్ తీస్తారు.

'వీటీ' అక్షరాలతో మొదలయ్యే, అంటే మన దేశంలో రిజిస్టరైన, విమానం సంగతి వేరు. పని అయ్యాక విమానాన్ని తిరిగి సర్వీసుకి ఇస్తూ సంతకం పెట్టాల్సింది ఆ అధికారం ఉన్న ఏఎంఈ. ఆ లైసెన్సు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, సీఏఆర్-66 నిబంధనల కింద ఇస్తుంది. మీరు విద్యార్థి అయితే ఆయన పక్కన నిలబడి చేయండి. పైలట్ అయితే లోపం టెక్‌లాగ్‌లో (విమానం లోపాలు, మరమ్మతులు రాసే పుస్తకం) రాసి అప్పగించండి. ఎలా చేయాలో తెలుసుకోవడం మాత్రం ఇద్దరికీ అవసరమే. పొద్దున ప్రీఫ్లైట్‌లో, అంటే ఎగిరేముందు తనిఖీలో, లైటు మీద చేయి వేసేది పైలటే కదా.

## 2. పక్కన పెట్టుకోవాల్సినవి

- మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఆ లైటు పేజీ, పార్ట్స్ కేటలాగ్‌లో దాని బొమ్మ, వైరింగ్ డయాగ్రామ్
- ఫిలిప్స్ 1, 2 నంబరు బిట్లు, కొన అరగనివి
- చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ (ఎంత బిగువో కొలిచి బిగించేది)
- మల్టీమీటర్
- టార్చి, చేతి అద్దం
- పాత మెత్తటి నూలు గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు
- మాస్కింగ్ టేపు, ఒక అట్టముక్క, పెన్ను
- కేటలాగ్‌లో ఉన్న నంబరుతోనే కొత్త స్క్రూలు, వాషర్లు, గాస్కెట్ (లెన్సు అంచు కింద వేసే మెత్తటి పొర)

చివరి అంశం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. గంటస్తంభం చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లో అచ్చం అలాంటి స్క్రూ రెండు రూపాయలకి దొరుకుతుంది. మర కూడా పడుతుంది. కానీ అది ఏ లోహమో, పొడవు ఎంత తేడానో, పూత ఏమిటో ఎవరికీ తెలీదు. ఎక్కడిదో కాగితం చూపించలేని స్క్రూ విమానంలోకి వెళ్లకూడదు, అంతే.

అట్టముక్క దేనికో ఐదో మెట్టులో తెలుస్తుంది.

## 3. కరెంటు ఆపడం, ఆగడం

1. చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టండి. బయట నిలిపి ఉంటే రెక్కల తాళ్లు కట్టండి. మన తీరంలో మధ్యాహ్నం గాలి లేస్తే స్టూలు మీద ఉన్నప్పుడు రెక్క మీదికే వస్తుంది.
2. మాగ్నెటో (ఇంజిను నిప్పురవ్వ స్విచ్) ఆఫ్, మాస్టర్ (మొత్తం కరెంటు స్విచ్) ఆఫ్. తాళంచెవి తీసి మీ జేబులో వేసుకోండి.
3. అన్ని లైటు స్విచ్చులూ ఆఫ్.
4. "లైటు మీద పని జరుగుతోంది, స్విచ్ వేయవద్దు" అని రాసి మాస్టర్ స్విచ్ మీద తగిలించండి.
5. వైరు విప్పే పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ ముందు తీయండి.
6. పక్కనే స్ట్రోబ్ ఉంటే గడియారం చూసి కనీసం 5 నిమిషాలు ఆగండి.

ఆరోది ఎందుకో చెప్పాలి. పగటిపూట కూడా తళుక్కుమని మెరిసే ఆ తెల్ల లైటుకి వందల వోల్టులు కావాలి. దాని పవర్ సప్లైలో ఉన్న కెపాసిటర్లు స్విచ్ ఆపిన వెంటనే ఖాళీ కావు. 'మాస్టర్ ఆఫే కదా' అని కనెక్టర్ ఊడదీస్తే షాక్ కొడుతుంది. స్టూలు మీద నిలబడి షాక్ తింటే, దెబ్బ తగిలేది కింద పడడం వల్ల.

ప్రొపెల్లర్‌కి దూరంగా ఉండడం వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను. అయినా చెప్తున్నా.

## 4. ఊగుతున్నది ఏది?

ఇది అసలు మెట్టు. తొందర పడకండి.

రెక్క చివరి లైటు ఒక వస్తువు కాదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న మూడు పొరలు. పైన రంగు లెన్సు, దాన్ని పట్టుకునే పట్టీ. దాని కింద బల్బు హోల్డరుతో సహా లైటు అసెంబ్లీ. దాని కింద రెక్క చివర తొడుగు, అంటే టిప్ ఫెయిరింగ్. ఈ తొడుగు చాలా విమానాల్లో ప్లాస్టిక్ లేదా ఫైబర్‌గ్లాస్. వరసగా స్క్రూలతో రెక్క లోహానికి బిగించి ఉంటుంది.

ఎడమ చేతి రెండు వేళ్లు లెన్సు అంచుకి, తొడుగుకి మధ్య ఉన్న సందు మీద ఆనించండి. కుడి చేత్తో లెన్సును మెల్లగా కదపండి. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

- వేళ్ల కింద లెన్సు మాత్రమే కదిలితే: లెన్సు స్క్రూ, పట్టీ లేదా గాస్కెట్.
- లెన్సు, హోల్డరు కలిసి కదిలి తొడుగు కదలకపోతే: అసెంబ్లీ స్క్రూలు, లేదా వాటి వెనక రివెట్లతో బిగించి ఉన్న నట్‌ప్లేట్లు (నట్ ఉన్న చిన్న లోహపు పలకలు).
- మొత్తం తొడుగే కదిలితే: లైటు బాగానే ఉంది. రోగం తొడుగు స్క్రూ రంధ్రాల్లో ఉంది.

మూడోది చూసి లైటు స్క్రూ బిగించినవాళ్లు ఎంతమందో. లైటు రాయిలా బిగుస్తుంది, తొడుగుతో పాటు మళ్లీ ఊగుతుంది.

ఇప్పుడు టార్చి తెచ్చి స్క్రూ తలలు చూడండి. గాలి వీచే వైపుకి, అంటే వెనక్కి, స్క్రూ తల నుంచి సన్నని నల్లటి తోక లాంటి మరక ఉందా? కాటుక వేలితో లాగినట్టు ఉంటుంది. గుడ్డతో తుడిస్తే బూడిద రంగు పొడి వస్తుంది. లోహం లోహాన్ని అరగదీస్తే వచ్చే పొడి అది. ఆ తోక ఉన్న స్క్రూ చాలాకాలంగా కదులుతోందని అర్థం. ఆరు స్క్రూల్లో రెండింటికే తోక ఉంటే, ఆ రెండు చోట్లా విప్పి లోపల చూడాల్సిందే.

పెయింటు కూడా సాక్ష్యం చెప్తుంది. లెన్సు పట్టీ చుట్టూ పెయింటు వెంట్రుకలా చిట్లి ఉంటే కదలిక అక్కడుంది. తొడుగు స్క్రూ రంధ్రం నుంచి బయటికి గీత పాకి ఉంటే అది పగులు, గీత కాదు. గోరు పెట్టి చూస్తే గోరు పట్టుకుంటుంది.

ఒక విమానం సంగతి చెప్తాను. ఎడమ లైటు నెల రోజుల్లో మూడుసార్లు వదులైందని రాశారు. మూడుసార్లూ ఎవరో ఒకరు బిగించారు, అందులో ఒకసారి నేనే. నాలుగోసారి విప్పి స్క్రూలు పక్కపక్కన పెడితే ఒకటి మిగతావాటి కంటే బియ్యపుగింజ మందం పొడుగు. మూసి ఉన్న నట్‌ప్లేట్‌లో దాని కొన అడుక్కి తగిలి ఆగిపోతోంది. చేతికి గట్టిగా తగులుతుంది, టార్క్ కూడా చూపిస్తుంది. స్క్రూ బిగిసింది, లైటు బిగియలేదు. ఆ రోజు నుంచి ఏ స్క్రూ తీసినా పక్కదానితో కొలిచి చూడడం నాకు అలవాటైపోయింది.

## 5. విప్పే క్రమం

1. విప్పకముందు ఫోన్లో ఫొటో తీయండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.
2. లైటు చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు వేయండి. బిట్ జారినా గీత పడదు.
3. అట్టముక్క మీద లైటు ఆకారం గీసి, స్క్రూ తీసిన చోటే అట్టకి గుచ్చండి. పొడవు తేడా స్క్రూలు కలిసిపోకుండా ఇదే మందు.
4. కింది స్క్రూలు ముందు, పైది చివర. పైదాన్ని తీసేటప్పుడు ఇంకో చెయ్యి లైటు కింద ఉండాలి.
5. లైటును వైరు మీద వేలాడనివ్వకండి. టేపు ముక్కతో తొడుగుకి అంటించండి, లేదా పక్కన ఒకరిని పట్టుకోమనండి.
6. స్ట్రోబ్ ట్యూబును వట్టి వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడికి దెబ్బతింటుంది.

స్క్రూ రానప్పుడు బలం చూపించకండి. కొత్త బిట్ పెట్టి, నిటారుగా, తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువ పెట్టండి. బిట్ కొనకి వాల్వ్ గ్రైండింగ్ పేస్టు చుక్క రాస్తే పట్టు వస్తుంది. తల అరిగిపోయాక డ్రిల్లుతో తీయడం ఏఎంఈ చేతి పని. ప్లాస్టిక్ లెన్సు పక్కన తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి. కొన్ని స్ప్రేలకి ప్లాస్టిక్ లోపల సాలెగూడులా సన్నని పగుళ్లు వస్తాయి. ఆ మరక తుడిస్తే పోదు, లెన్సు మార్చాల్సిందే.

## 6. లోపల ఏం చూడాలి

మన వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో కిటికీ చువ్వల గతి చూశారుగా. భీమిలి నుంచి కళింగపట్నం దాకా అదే ఉప్పుగాలి. ఈ తీరం మీద ఎగిరే, నిలిచే విమానానికీ అదే గాలి తగులుతుంది. విప్పిన లైటు వెనక అల్యూమినియం మీద తెల్లటి పొడి, పొక్కులు కనిపిస్తే అది దుమ్ము కాదు, తినేసిన లోహం. స్టీలు స్క్రూ, అల్యూమినియం, మధ్యలో ఉప్పు తేమ: మూడూ కలిస్తే అల్యూమినియమే కరుగుతుంది. స్క్రూ మెరుస్తూనే ఉంటుంది, దాన్ని పట్టుకున్నది పోతుంది.

చూడాల్సిన వరస:

- వైరు: తొడుగు రంధ్రం అంచుకి రాసుకుంటోందా? రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు గ్రోమెట్ ఉందా, చిట్లిందా?
- వైరు పొడవు: లైటు తీయడానికి సరిపడా వదులు ఉండాలి, కానీ లోపల ఊగేంత కాదు.
- టెర్మినల్: వేలితో మెల్లగా లాగితే కదలకూడదు. నల్లబడితే వేడెక్కుతోందని అర్థం.
- ఎర్త్: వేరే ఎర్త్ వైరు ఉందా, లేక లైటు ఒంటి నుంచే రెక్క లోహానికి వెళ్తోందా?
- గాస్కెట్: అరచేతిలో వంచితే విరిగిపోతే పాతది. అసలు లేకపోతే, మీ జబ్బు దొరికినట్టే.
- నీళ్లు: అడుగున తడి మరక ఉందా? నీరు పోయే చిన్న రంధ్రం ఎవరైనా సీలెంట్‌తో మూసేశారా?
- నట్‌ప్లేట్: రెండు రివెట్లూ ఉన్నాయా? వేలితో నొక్కితే అటూ ఇటూ కొద్దిగా ఆడడం కొన్ని రకాల్లో మామూలే. గుండ్రంగా తిరిగితే మాత్రం రివెట్ పోయింది.

ఎర్త్ గురించి ఇంకో మాట. లైటు వదులైనప్పుడు మినుకుమినుకుమంటే అందరూ బల్బు మారుస్తారు. లైటు ఒళ్లే ఎర్త్ అయిన చోట, స్క్రూ వదులైతే ఎర్త్ కూడా వదులే. బల్బుది ఏ తప్పూ లేదు.

## 7. కారణాన్ని బట్టి మందు

స్క్రూ మర అరిగింది: కొత్త స్క్రూ, అదే నంబరు, అదే పొడవు.

నట్‌ప్లేట్ లేదా క్లిప్ పట్టు వదిలింది: స్వయంగా బిగుసుకునే రకం నట్‌కి ఒక సులువైన పరీక్ష ఉంది. స్క్రూ కొన నట్‌లోని లాక్ భాగం దాటేదాకా వేలితోనే తిరిగిపోతే దానికి పట్టు లేదు, మార్చాలి. నట్‌ప్లేట్ మార్చడమంటే రివెట్లు తీసి కొత్తవి వేయడం, కాబట్టి అది లైసెన్సున్నవారి పని. స్ప్రింగు క్లిప్ రకమైతే కొత్త క్లిప్ తొడిగితే సరిపోతుంది.

రంధ్రం పెద్దదైంది: ఇక్కడే కక్కుర్తి పడతారు. ఒక సైజు పెద్ద స్క్రూ వేసి తోసేస్తారు. తొడుగు ప్లాస్టిక్ అయితే ఆ రంధ్రం నుంచే పగులు మొదలవుతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే పెద్ద వాషరు వేయొచ్చు. లేకపోతే తొడుగుని ఆ చోట రిపేరు చేయాలి, లేదా మార్చాలి.

గాస్కెట్ ఎండిపోయింది: మార్చండి. దొరకలేదని సైకిల్ ట్యూబు కత్తిరించి పెట్టినవాళ్లని చూశాను. ఎండకి అది మెత్తబడి, స్క్రూ పట్టు వారం తిరక్కుండానే పోతుంది.

తొడుగు పగిలింది: చిన్న పగులు చివర చిన్న రంధ్రం వేసి పాకకుండా ఆపడం పాత పద్ధతి. ఎంత పొడుగు పగులు దాకా అది చెల్లుతుందో మీ మాన్యువల్ చెప్తుంది. కంటికి నచ్చిన చోట వేయకండి.

సీలెంట్ కావాలని మాన్యువల్ చెప్తే: బజారులో దొరికే చాలా సిలికాన్ ట్యూబులు ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడతాయి. ఆ యాసిడ్ అల్యూమినియాన్ని, రాగి తీగని తింటుంది. ఆ వాసన వచ్చే ట్యూబు హ్యాంగర్‌లోకే రానివ్వకండి.

స్క్రూ మళ్లీ వదలకుండా జిగురు పెట్టనా? ఎక్కువమంది అడిగేది ఇదే. థ్రెడ్‌లాకర్ ద్రవం చాలా ప్లాస్టిక్‌లను చిట్లగొడుతుంది. లెన్సు స్క్రూకి వద్దు. నట్‌ప్లేట్ పట్టు సరిగ్గా ఉంటే జిగురు అవసరమే రాదు. పట్టు లేనప్పుడు జిగురు పెడితే రోగం దాచినట్టు.

## 8. బిగించే క్రమం

1. కూర్చునే చోటు గుడ్డతో తుడవండి. లెన్సుకి సబ్బు నీళ్లు మాత్రమే. పెట్రోలు, థిన్నరు, ఎసిటోన్ తగలనివ్వద్దు.
2. వైరు వెనక్కి నెట్టేటప్పుడు లైటుకి, తొడుగుకి మధ్య నలగకుండా వేలితో దారి చూపండి.
3. గాస్కెట్ పెట్టి, మడత పడలేదని చుట్టూ చూడండి.
4. అన్ని స్క్రూలూ ముందు వేళ్లతోనే రెండు మూడు మరలు ఎక్కించండి. ఒక్కటీ పూర్తిగా బిగించకండి.
5. తర్వాత ఎదురెదురుగా, ఒకటి ఇటు ఒకటి అటు, కొద్దికొద్దిగా.
6. చివరి బిగువు మాన్యువల్ ఇచ్చిన టార్క్‌కి.

అంకె విషయంలో జాగ్రత్త. ఎఫ్ఏఏ వాళ్ల సలహా పత్రం ఏసీ 43.13-1బి పట్టికలో 10-32 సైజు నట్‌కి 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు అని ఉంటుంది. అది లోహం మీద లోహం బిగించేటప్పుడు. అదే అంకె తీసుకొచ్చి ప్లాస్టిక్ లెన్సు మీద పెడితే ఆ రోజు ఏమీ కాదు. వారానికి స్క్రూ రంధ్రం చుట్టూ చంద్రవంక లాంటి పగులు కనిపిస్తుంది. లెన్సుకి విడిగా టార్క్ ఇవ్వకపోతే గాస్కెట్ సమంగా నొక్కుకోగానే ఆపేయండి. గాస్కెట్ అంచు బయటికి ఉబ్బితే ఎక్కువైనట్టు.

బిగించాక నాలుగో మెట్టులోని వేళ్ల పరీక్ష మళ్లీ చేయండి. అదే చోట, అదే చేత్తో.

## 9. పరీక్ష

బ్యాటరీ తిరిగి కలిపి, మనుషులు ప్రొపెల్లర్ దగ్గర లేరని చూసి, మాస్టర్ వేసి లైటు వెలిగించండి.

- రంగు: పైలట్ సీట్లో కూర్చుని చూస్తే ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, తోక తెలుపు.
- అరచేత్తో తొడుగు మీద మెల్లగా తట్టండి. మినుకు రాకూడదు.
- రేడియో ఆన్ చేసి స్క్వెల్చ్ (బుసబుసను అణిచే మీట) తెరిచి, లైటు వేసి ఆపి వినండి. బుసబుస మారితే, ముఖ్యంగా ఎల్ఈడీ లైటుకి, ఎర్త్ చూడండి.
- లైటు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక మొన లైటు ఒంటికి, ఇంకో మొన రెక్క శుభ్రమైన లోహానికి. వోల్టేజీ సున్నాకి దగ్గరగా ఉండాలి.

నాలుగోదాన్ని విద్యార్థులు వదిలేస్తారు. ఎర్త్ బాగుందో లేదో ఓమ్ మీటర్‌తో కొలుస్తారు, 0.2 ఓమ్ చూపిస్తే బాగుందంటారు. ఆ 0.2లో సగం మీటరు తీగలదే. కరెంటు పారుతుండగా వోల్టేజీ కొలిస్తేనే నిజం బయటపడుతుంది. మొత్తం సర్క్యూట్‌కి ఏసీ 43.13-1బి ఒప్పుకునే నష్టం 14 వోల్టుల విమానానికి 0.5, 28 వోల్టులదానికి 1 వోల్టు. అందులో 0.3 ఒక్క ఎర్త్ దగ్గరే పోతుంటే మిగతా దారికి ఏం మిగిలింది?

రంగుల విషయంలో ఒక పిట్టకథ. విజయనగరం కుర్రాళ్లకి నేను ఊళ్లోని మూడు లాంతర్ల జంక్షన్ గుర్తుపెట్టుకోమంటాను. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, మన జంక్షన్‌లాగే మూడు. ఒకడు మూడూ బాగా గుర్తుపెట్టుకున్నాడు, విమానానికి ఎదురుగా నిలబడి ఎడమ కుడి చూశాడు. ఎదురుగా నిలబడితే ఎరుపు మన కుడి చేతి వైపు ఉంటుంది. రెండు లెన్సులూ తారుమారయ్యాయని కంగారుపడి రెండూ విప్పేశాడు. బాగున్నవాటిని మార్చి బిగించబోతుంటే ఏఎంఈ గారు వచ్చారు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఎదుటి విమానం మనం ఎటు వెళ్తున్నామో చదువుకునేది ఈ రంగుల్లోనే. అందుకే ఎప్పుడూ సీట్లోంచే లెక్క.

## 10. మిగతా లైట్లకి తేడాలు

బీకన్ (తోక రెక్క పైన): ఎత్తు ఎక్కువ. నిచ్చెనను రడ్డర్‌కి (తోకలో అటూ ఇటూ తిరిగే నిలువు పలక) ఆనించకండి, తోక మీద బరువు వేయకండి. చాలా రకాల్లో ఎర్ర బుర్రను చుట్టూ ఒక లోహపు పట్టీ పట్టుకుంటుంది, ఒకే స్క్రూతో. బుర్ర ఊగితే ముందు పట్టీ గాడిలో సరిగ్గా కూర్చుందో చూడండి. గాడి తప్పిన పట్టీని ఎంత బిగించినా బుర్ర నిలవదు.

తోక లైటు: రడ్డర్ మీదే ఉండే విమానాలున్నాయి. అక్కడ వైరు రడ్డర్‌తో పాటు అటూ ఇటూ వంగుతుంది. బిగించాక రడ్డర్‌ని రెండు చివర్లకీ తిప్పి, వైరు లాగడం లేదని చూడాలి. రడ్డర్ మీద లేని బరువు చేర్చకూడదు, అందుకే పెద్ద లైటు, అదనపు వాషర్లు వేసేముందు మాన్యువల్ చూడండి.

ల్యాండింగ్ లైటు: కొన్ని మోడళ్లలో ముక్కు కౌలింగ్‌లో (ఇంజిను కప్పులో), కొన్నింటిలో రెక్క ముందు అంచులో. ముక్కులో ఉన్నదానికి ఇంజిను అదురు నేరుగా తగులుతుంది, అందుకే బల్బులు త్వరగా పోతాయి. 4509 లాంటి సీల్డ్ బల్బు వెనక స్ప్రింగులు, రబ్బరు దిండ్లు ఉంటే వాటిని గట్టిగా చేసేయకండి. కొద్దిగా ఆడడం వాటి ఉద్యోగం. పని చేసేటప్పుడు మీ భుజం ప్రొపెల్లర్ పక్కనే ఉంటుంది. మూడో మెట్టు మళ్లీ ఒకసారి చూసుకుని మొదలుపెట్టండి.

## 11. తప్పులు, దిద్దుళ్లు

టేపు వేసి ఎగరడం. "ఈ ఒక్క సార్టీ" అని మొదలవుతుంది. టేపు ఊడితే లెన్సుతో సహా పోతుంది, వెనక ఏం తగులుతుందో చెప్పలేం. లైటు వదులైతే విమానం ఆగాలి, లేదా లైటు లేకుండా ఎగరొచ్చని పత్రాలు ఒప్పుకునే పద్ధతిలో దాన్ని తీసి, కప్పి, రాసి ఎగరాలి.

కారు ఎల్ఈడీ పెట్టడం. వెలుగు ఎక్కువే. విమానం పొజిషన్ లైటుకి రంగు, కోణం, వెలుగు పంపిణీ అన్నిటికీ ప్రమాణం ఉంది. ఆమోదం లేని బల్బు వద్దు.

స్క్రూ లోపల పడేయడం. ఇది నా సొంత ఘనకార్యం. ఒక చిన్న స్క్రూ తొడుగు రంధ్రంలోంచి రెక్కలోకి జారింది. మాగ్నెట్ కర్ర పెట్టి పావుగంట వెతికాను. అది స్టెయిన్‌లెస్, మాగ్నెట్‌కి అంటదు. తొడుగు మొత్తం విప్పితే దొరికింది, సగం రోజు పోయింది. ఇప్పుడు విప్పేముందు ప్రతి రంధ్రంలోనూ గుడ్డ ఉండ దూరుస్తాను, ఆ ఉండకి ఎర్ర రిబ్బన్ కడతాను. రిబ్బన్ లేకపోతే గుడ్డ లోపలే ఉండిపోతుంది. అది కూడా ఒకసారి జరిగింది, నా చేతిలో కాదు.

రెండో వైపు చూడకపోవడం. ఎడమ గాస్కెట్ ఎండిపోయిందంటే కుడిది కూడా అదే ఎండలో ఉంది.

## 12. రాయడం

టెక్‌లాగ్‌లో "లైటు బిగించబడింది" అని ఒక్క ముక్క రాయకండి. ఏ లైటు, ఏది ఊగుతోంది, ఎందుకు, ఏ భాగం మార్చారు, దాని నంబరు, మాన్యువల్ ఏ అధ్యాయం ప్రకారం, ఏ పరీక్ష చేశారు. ఆ తర్వాత ఏఎంఈ సంతకం, తేదీ, విమానం గంటలు. నేను చెప్పిన పొడుగు స్క్రూ విమానానికి మూడుసార్లూ "బిగించబడింది" అనే ఉంది. మొదటిసారే "రెండో స్క్రూ వదులు" అని ఎవరైనా రాసి ఉంటే రెండోసారికే దొరికేది.

విమానం వదిలేముందు ఇది చదువుకోండి:

- పనిముట్లు లెక్క సరిపోయిందా?
- గుడ్డ ఉండలన్నీ బయటికి వచ్చాయా?
- అట్టముక్క ఖాళీ అయిందా? ఒక్క స్క్రూ గుచ్చి మిగిలితే పని అవలేదు.
- మాస్టర్ స్విచ్ మీద కాగితం తీశారా?
- తాళంచెవి మీ జేబులోంచి బయటికి వచ్చిందా?

మొదటి 10 గంటల ఎగురుడు తర్వాత మళ్లీ వేళ్లు పెట్టి చూడండి. ఇది నా సొంత అలవాటు, ఏ పుస్తకంలోదీ కాదు. కొత్త గాస్కెట్ కొద్దిగా కుదురుకుంటుంది, అప్పుడు పావు తిప్పు అవసరం పడొచ్చు. శ్రీకాకుళం కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. ఊగుతున్నది తొడుగట, కింది వైపు మూడు స్క్రూ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉన్నాయట. వాళ్ల ఏఎంఈ గారు తొడుగు ఆర్డర్ పెట్టారు.